అక్షరాలొచ్చు... చదవడమే రాదు!

చుట్టాలొస్తే చాలు, చాలా ఇళ్ళల్లో పిల్లల్ని పిలిచి నిలబెడతారు. ‘ఏదీ, అ ఆలు చెప్పు నాన్నా’ అంటారు. రెండో తరగతి పిల్లాడు అ నుంచి బండి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. అదే పిల్లాడి చేతికి క్యాలెండరో, పచారీ కొట్టు చీటీయో ఇచ్చి చదవమంటే మాత్రం బిక్కమొహం వేస్తాడు. ‘మ... జ... మజ... జి...’ అంటూ ‘మజ్జిగ’ దగ్గర ఆగిపోతాడు. ‘అన్నీ వచ్చు, బద్ధకం అంతే’ అని పెద్దవాళ్ళు సర్దిచెప్పేస్తారు.

బద్ధకం కాదది. అక్షరాలు గుర్తుపట్టడం వేరు, వాటిని కలిపి మాటగా పలకడం వేరు, ఆ మాటల వెనకున్న సంగతి అర్థం చేసుకోవడం వేరు. మొదటిది వచ్చేసింది కదా అని మిగతా రెండూ వాటంతటవే వస్తాయనుకోవడం దగ్గరే చాలామంది పిల్లలు చిక్కుబడిపోతున్నారు.

ఎంతమంది? ‘ప్రథమ్’ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి ‘అసర్’ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి సర్వే చేస్తున్నారు. పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అక్షరాలు, చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ చదివిస్తారు. ఆ కథ రెండో తరగతి స్థాయిలోనే ఉంటుంది. 2024 సర్వే ప్రకారం దేశంలో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే గ్రామీణ విద్యార్థుల్లో దాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. కరోనా సెలవుల తర్వాత 2022లో అది 16.3 శాతానికి పడిపోయింది. దానితో పోలిస్తే మెరుగే. కానీ నలుగురిలో ముగ్గురికి ఇంకా ఆ కథ అందడం లేదన్నమాట. అయిదో తరగతికి వచ్చినా సగం మందికి పైగా అదే పరిస్థితి.

ఇక్కడో మెలిక ఉంది. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలు చదవడం నేర్చుకుంటారు. మూడో తరగతి దాటాక చదివి నేర్చుకోవాలి. పరిసరాల విజ్ఞానమైనా, లెక్కల్లో రాతలెక్క అయినా ముందు చదవాలి. ‘రాము దగ్గర పన్నెండు జామకాయలున్నాయి...’ అని మొదలయ్యే లెక్కలో కూడిక వచ్చినా వాక్యం రాకపోతే సున్నాయే. అలా ఒక్క చదువు రాకపోవడం అన్ని సబ్జెక్టుల్లో మార్కులు తగ్గడంగా మారుతుంది. చివరకు ‘వీడికి చదువబ్బదు’ అన్న ముద్ర పడిపోతుంది. కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న ‘నిపుణ్ భారత్’ ప్రారంభించి, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి విద్యార్థికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకున్నది అందుకే. తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ మొదలైందీ అందుకే.

బడి చెయ్యాల్సింది బడి చెయ్యాలి. అయితే ముప్పై, నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి పక్కన కూర్చుని చదివించే తీరిక టీచరుకి దొరకదు. ఆ పావుగంట దొరికేది ఇంట్లోనే. దానికి ట్యూషను అక్కర్లేదు, ఖరీదైన యాప్‌లు అక్కర్లేదు. కొన్ని కాగితం ముక్కలు, కాస్త ఓపిక, బోలెడు ఆట ఉంటే చాలు.

ఎక్కడ ఆగుతారంటే...

ఇంగ్లీషుకి అక్షరాలు ఇరవయ్యారే. తెలుగు లెక్క పెద్దది. ‘క్ష’ని పక్కనపెడితే హల్లులు 35. ఒక్కోదానికీ పన్నెండు గుణింతాలు వేసుకున్నా 420 రూపాలు. వాటికి వత్తులు కలిస్తే ఇంకెన్నో! కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు లాంటిది. ఆ భాషలో చదువుకునే పిల్లలపై సోనాలీ నాగ్ అనే మనస్తత్వవేత్త చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. గుణింతాలు, వత్తులతో సహా అక్షరాల మీద పూర్తి పట్టు నాలుగో తరగతికి కూడా రాని పిల్లలున్నారని అందులో తేలింది. అంటే మొదటి ఏడాదే అన్నీ రావాలని ఒత్తిడి పెట్టడం అన్యాయం. రెండో ఏడాది నుంచి అక్షరాల సంగతే వదిలేయడం అంతకన్నా అన్యాయం.

మనకో వరం కూడా ఉంది. తెలుగులో చాలామటుకు రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులోలా ఒకటి రాసి ఇంకోటి పలికే తంటా తక్కువ. ఆ గుట్టు ఒకసారి పట్టుబడితే పిల్లలు ఇంతకుముందు చూడని మాటనైనా చదివేస్తారు. ఆ గుట్టు పట్టించేవే ఈ ఆటలు. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, అక్కడికి తగిన ఆట ఎంచుకోవాలి.

ముందు చెవికి...

చదువుకి తొలిమెట్టు చెవి. మాటలో ఎన్ని ముక్కలున్నాయో వినిపించని పిల్లలకి అక్షరాలు కలపడం కష్టం. వంట చేస్తూనే ఈ ఆట ఆడొచ్చు. కూరగాయ పేరు చెప్పాలి, ఒక్కో అక్షరానికీ చప్పట్లు కొట్టాలి. వం-కా-య... మూడు. ఉ-ల్లి-పా-య... నాలుగు. ‘ఇంట్లో అయిదు చప్పట్ల మాట ఏముంది?’ అంటే ఇల్లంతా వెతుకుతారు.

బస్సులో వెళ్తుంటే ఇంకోటి. ‘మ’తో మొదలయ్యేవి చెప్పాలి. మంచం, మజ్జిగ, మల్లెపూలు... చెప్పలేనివాళ్ళు ఓడినట్టు. రాత అక్కర్లేదు కాబట్టి నాలుగేళ్ళ చెల్లెలు కూడా ఆడేస్తుంది, చదువురాని నాయనమ్మ కూడా గెలిచేస్తుంది.

రెండక్షరాలతో మాట

తలకట్టు అక్షరాలు మాత్రమే వచ్చిన పిల్లలకి ‘ఇంకా గుణింతం రాలేదు, అప్పుడే చదవడమేంటి’ అనుకుంటారు. కానీ తెలుగులో వాళ్ళకోసమే పుట్టాయా అన్నట్టు కొన్ని జంటమాటలున్నాయి. గలగల, సలసల, గజగజ, పకపక, టపటప, భగభగ... రెండక్షరాలొస్తే మాట వచ్చేసినట్టే!

వీటిని చీటీల మీద రాసి ఒక గిన్నెలో వేయాలి. ఒకరు చీటీ తీసి పైకి చెప్పకుండా చదువుకుని నటించి చూపాలి. గజగజ అయితే వణకాలి, పకపక అయితే నవ్వాలి. మిగతావాళ్ళు ఆ మాటేమిటో చెప్పాలి. చదివితేగానీ నటించలేరు కదా! ఎవరూ ‘చదువు’ అని గద్దించకుండానే ఒక్క సాయంత్రంలో పది మాటలు చదివేస్తారు.

దాని తర్వాత గొలుసు ఆట. ఒక మాట చివరి అక్షరంతో రెండో మాట మొదలవ్వాలి. పలక, కలప, పడవ, వల, లత, తల... చూశారా, ఒక్క గుణింతం గుర్తు కూడా లేకుండా ఎంత దూరం వచ్చామో! ‘ల’ దగ్గర ఇరుక్కుంటే ‘లాంతరు’, ‘లేడి’ అనడానికీ ఒప్పుకోవచ్చు. ఆ వంకన గుణింతంలోకి అడుగుపెట్టినట్టవుతుంది. ఆడుతూ ఆ మాటల్ని పలక మీద రాస్తుంటే సరి.

నారు, నీరు, నూరు, నోరు

గుణింతాన్ని క కా కి కీ అంటూ రాగం తీసి చెప్పే పిల్లలు చాలామందే ఉంటారు. మధ్యలో ఆపి ‘కూ’ ఏదో చూపించమంటే మాత్రం మళ్ళీ ‘క’ దగ్గర్నుంచి మొదలుపెడతారు. వాళ్ళకి వరస వచ్చింది గానీ అక్షరం రాలేదు. వరస చెదరగొట్టడమే దీనికి మందు.

‘నారు’ అని రాయండి. దీర్ఘం తీసి గుడి దీర్ఘం పెడితే నీరు. కొమ్ము దీర్ఘం పెడితే నూరు. ఓత్వం ఇస్తే నోరు. అక్షరం అదే, గుర్తు మారితే పొలంలో నారు కాస్తా తాగే నీరైపోయింది! పారు, పీరు, పేరు, పైరు, పోరు... ఇదింకో వరస. ఆరు, ఊరు, ఏరు అంటూ అచ్చులతోనూ ఆడొచ్చు. ఏ గుర్తు పెడితే అర్థం లేని మాట వస్తుందో కూడా పిల్లల్నే చెప్పమనాలి. అర్థం లేని మాటలు వాళ్ళకి భలే నవ్వు తెప్పిస్తాయి. ఆ నవ్వులోనే గుర్తుకీ శబ్దానికీ ముడి పడుతుంది.

వత్తుల సంగతీ ఇంతే. కల నిజమవుతుందేమోగానీ ‘కల్ల’ కాదు. ‘గడి’కి వత్తిస్తే ఆవు మేసే ‘గడ్డి’. ‘గుడి’కి వత్తిస్తే ‘గుడ్డి’. ఇలాంటి జతలు ఎదురెదురుగా రాసి, పెద్దవాళ్ళు ఒకటి పలికితే పిల్లలు దాని మీద చెయ్యి వెయ్యాలి. ముందు తాకినవాళ్ళదే పాయింటు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఈ ఆట ఎంతసేపు సాగుతుందో చెప్పక్కర్లేదు!

వికటకవి వారసులు

మాటలు చదవడం వచ్చిన పిల్లలకి మాటలతో గారడీ నేర్పాలి. తెనాలి రామకృష్ణుడి పేరు చెబితే ‘వికటకవి’ గుర్తొస్తుంది. ఎటు నుంచి చదివినా ఒకటే! అలాంటివి మన చుట్టూ చాలానే ఉన్నాయి. వంటింట్లో టమాట, నాలుక మీద పులుపు, కాలికి మడమ, మధ్యాహ్నం పూట కునుకు... ఇంకెన్ని ఉన్నాయో వారం రోజుల్లో పట్టుకోమని పందెం కడితే చాలు. కనిపించిన ప్రతి బోర్డునీ వెనక నుంచి కూడా చదివేస్తారు.

ఊళ్ళ పేర్లలోనూ ఆట ఉంది. ‘విజయవాడ’ అక్షరాలతో ఎన్ని మాటలొస్తాయి? విజయ, జయ, వాడ, జడ... ఇడ్లీల ‘వాయ’ కూడా! ‘కడప’ అక్షరాల్ని అటూ ఇటూ మారిస్తే పడక. ఎవరి ఊరి పేరు వాళ్ళు రాసుకుని వెతుక్కోవచ్చు. ఇలా ఆడిన పిల్లలకి పత్రికల్లో వచ్చే గళ్ళ నుడికట్టు అంటే భయం ఉండదు.

చదివితేనే దొరుకుతుంది

చదవడం ఎందుకో పిల్లలకి తెలియాలి. పరీక్ష కోసం అంటే వాళ్ళకేం పడుతుంది? కొబ్బరుండ కోసం అంటే పడుతుంది! బియ్యం డబ్బా పక్కన ఒక చీటీ, ‘తాతయ్య కళ్ళజోడు పెట్టె చూడు’ అని. అక్కడ ఇంకో చీటీ, ‘తలుపు వెనక వెతుకు’ అని. చివరి చీటీ దగ్గర కొబ్బరుండ. నాలుగు వాక్యాలు చదివితేగానీ చేతికందదు. మర్నాడు పిల్లలే చీటీలు రాసి పెద్దవాళ్ళని ఇల్లంతా తిప్పుతారు. రాతలో తప్పులుంటాయి. ఫర్వాలేదు. ఆ తప్పుల వల్ల అమ్మ తలుపు వెనక బదులు ఇంకెక్కడో వెతికితే, ఎక్కడ తప్పు రాశారో వాళ్ళకే తెలుస్తుంది.

పచారీ సామాను చీటీ పిల్లలతో చదివించడం, బస్సు బోర్డు చూసి ఏ ఊరిదో చెప్పమనడం, సినిమా పోస్టరు మీద పేరు చదవమనడం... అన్నీ చదువే. టీవీలో పాట వస్తుంటే కింద అదే భాషలో అక్షరాలు పడటం కూడా మేలు చేస్తుంది. అహ్మదాబాద్ ఐఐఎంకి చెందిన బ్రిజ్ కొఠారి ఈ ఆలోచనను 1999లో గుజరాతీ దూరదర్శన్‌లో సినిమా పాటల కార్యక్రమంతో మొదలుపెట్టి, తర్వాత హిందీ ‘చిత్రహార్’ దాకా తీసుకెళ్ళారు. తెలిసిన పాట కాబట్టి చెవి ముందుంటుంది, కన్ను దాని వెంట పరిగెడుతుంది. ఇంట్లో నచ్చిన పాట పల్లవిని పెద్ద అక్షరాలతో గోడకి అంటించి, పాడుతూ వేలు పెట్టి చూపమంటే సరిపోతుంది.

ఒళ్ళో కూర్చోబెట్టుకుని...

ఆటలు ఎన్ని ఆడినా పుస్తకానికి సాటి రావు. మాటని చదవడం ఆట నేర్పుతుంది. మాట తర్వాత మాట కోసం ఎదురుచూడటం కథ నేర్పుతుంది. రోజుకి పావుగంట, వీలైతే పడుకునే ముందు. మొదట పెద్దవాళ్ళు వేలు పెట్టి చదవాలి. రెండోసారి పిల్లలతో కలిసి చదవాలి. మూడోసారి పిల్లలు చదువుతుంటే వినాలి. ఒకే కథ పదిసార్లు అడిగినా విసుక్కోకూడదు. పదోసారికి అది వాళ్ళ కథ అవుతుంది.

మధ్యలో ఆగి ‘ఇప్పుడేమవుతుందంటావ్?’, ‘నువ్వయితే ఏం చేసేవాడివి?’ అని అడగడం మరిచిపోవద్దు. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండు మూడేళ్ళ పిల్లలున్న ఇళ్ళల్లో ఓ ప్రయత్నం చేసింది. నెల రోజుల పాటు తల్లిదండ్రులు ఊరికే చదివి వినిపించకుండా, ఇలా ప్రశ్నలడుగుతూ కథ చెప్పించారు. ఆ పిల్లలు మాటల్లో మిగతావారిని దాటిపోయారు.

పిల్లలు తప్పు చదివితే వెంటనే అందుకోకూడదు. మనసులో అయిదు లెక్కపెట్టాలి. చాలాసార్లు వాళ్ళే దిద్దుకుంటారు. ‘మామిడిపండు’ని ‘మామిడికాయ’ అంటే వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, వెనక్కి వచ్చి ‘ఇక్కడేముందో మళ్ళీ చూద్దామా?’ అంటే చాలు.

ఏ పుస్తకం ఇవ్వాలి? దానికో తేలిక లెక్కుంది. ఏదో ఒక పేజీ తెరిచి చదవమని, రాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనాలి. అయిదు వేళ్ళూ ముడుచుకుపోతే ఆ పుస్తకం పెద్దవాళ్ళు చదివి వినిపించాల్సింది. ఒకటో రెండో ముడిస్తే వాళ్ళే చదువుకునేది. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ కథల కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన కాలం ఒకటుండేది. ఆ పత్రిక ఆగిపోయినా పిల్లల పుస్తకాలకి కొదవ లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థలు తక్కువ ధరకే తెలుగు బొమ్మల పుస్తకాలు అందిస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

అమ్మకి చదువు రాకపోతే?

అయినా సరే, చేయగలిగింది చాలా ఉంది. పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని ‘ఊఁ... ఆ తర్వాతేమైందిరా?’ అనే అమ్మని మించిన శ్రోత లేరు. అమ్మమ్మకి కథలు, సామెతలు, పొడుపు కథలు బోలెడు వస్తాయి. ఆమె చెబుతుంటే పిల్లలు రాయాలి, బొమ్మలు వెయ్యాలి, దారంతో కుట్టాలి. అదే ఇంటి మొదటి పుస్తకం. పిల్లలు సొంతంగా పొడుపు కథ కట్టినా బాగుంటుంది. ‘ఒళ్ళంతా నలుపు, తెల్లగా గీస్తే మాట్లాడతా, ఎవర్ని?’ అని పలక మీద కట్టినట్టు.

ఇంటి భాష వేరు, పుస్తకం భాష వేరు అయినచోట ఇంకాస్త జాగ్రత్త కావాలి. పాఠంలో ‘సొరకాయ’ ఉంటుంది. ఒక ఇంట్లో అది ఆనపకాయ, ఇంకో ఇంట్లో ఆనిగెపుకాయ. పిల్లలు ఇంటి మాట అంటే తప్పని కొట్టిపారేయకుండా రెండూ పక్కపక్కన రాస్తే ఒక మాట బదులు రెండొస్తాయి. కోయ, సవర, గోండి మాట్లాడే పిల్లలకైతే తెలుగే కొత్త భాష. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. తెలిసిన మాటలోంచి తెలియని అక్షరంలోకి వెళ్ళడమే దాని వెనకున్న సూత్రం.

ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. అక్షరాలు కలిస్తే మాట అవుతుందన్న గుట్టు తెలిసిన భాషలో త్వరగా పట్టుబడుతుంది. ఒకసారి పట్టుబడితే ఇంకో భాషలో మళ్ళీ మొదటికి రానక్కర్లేదు.

గమనించాల్సినవి...

ఎన్ని నెలలు ఆడించినా అక్షరాలు నిలవకపోతే, చదువుతూ వరస తప్పుతుంటే, పుస్తకం తీయగానే తలనొప్పి అంటుంటే ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి. అవి బాగుండీ ఇబ్బంది తగ్గకపోతే డిస్లెక్సియా ఉందేమో నిపుణులకి చూపించాలి. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమాతో ఆ పేరు చాలా ఇళ్ళకి తెలిసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది కూడా. అది తెలివికి సంబంధించిన లోటు కాదు, నేర్పే దారి వేరు అంతే.

మిగతా పిల్లల విషయంలో చెయ్యకూడనివి రెండే. ఎదురింటి పిల్లతో పోల్చకూడదు. ఆటని హోంవర్కుగా మార్చకూడదు. పిల్లలు ‘ఇంక చాలు’ అనకముందే ఆపేస్తే రేపు వాళ్ళే చీటీల గిన్నె తెచ్చి ముందు పెడతారు. అప్పుడప్పుడూ పెద్దవాళ్ళు ఓడిపోవాలి కూడా!

మొదలుపెట్టడానికి మంచిరోజు చూడక్కర్లేదు. ఈ పేజీ చాలు. పైన పెద్దక్షరాల్లో ఉన్న శీర్షికలో ‘రా’ రెండు చోట్ల దాక్కుంది. ఇంట్లో చిన్నవాళ్ళకి పత్రిక అందించి, ఒక పెన్సిలిచ్చి, వెతికి సున్నా చుట్టమనండి!